కిర్కాఫ్ పండితుని సూత్రములు – పంపు మోటారు, పొటాషు పరీక్ష

కాలువ చీలిన చోట రెండు పిల్లకాలువలలోనికి పోయిన నీటిని కలిపి చూచినచో, పైనుండి వచ్చిన నీటికి సరిపోవునని రైతు సోదరులకు మేము చెప్పనక్కరలేదు. విద్యుత్తునకును ఈ న్యాయమే వర్తించునని 1845లో జర్మను దేశమున ఇరువదియొక్క యేండ్ల విద్యార్థి యొకడు ప్రకటించెను. అతడే గుస్టావ్ కిర్కాఫ్. హైదరాబాదున చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఇండ్లలోని దీపములును, మన బావులవద్ద మోటారులును ఈ లెక్కకు లోబడినవే.

అతని రెండవ సూత్రము మనకు మరింత ముఖ్యము. ఓల్టేజి యనగా విద్యుత్తును నెట్టు ఒత్తిడి. ఒక చుట్టులో ఇచ్చిన ఓల్టేజి అంతయు ఆ చుట్టులోనే ఖర్చగును. కొంత తీగ తినును, మిగిలినది మోటారునకు దక్కును. మొదట 240 ఓల్టులున్నవనుకొనుడు. పోవు తీగకును వచ్చు తీగకును కలిపి నిరోధము 1 ఓము. కొసనున్న మోటారు 10 ఆంపియర్లు లాగినచో తీగ 10 ఓల్టులు తినును, 230 మిగులును. అచ్చటనే అట్టి మోటారులు అయిదు ఒక్కసారి నడిచినచో 50 ఓల్టులు తీగపాలగును, మిగులునది 190. ఒత్తిడి తగ్గినను మోటారు బరువు మోయక తప్పదు గనుక మరింత కరెంటు లాగి వేడెక్కును. తుదకు చుట్టు కాలును. దీనికి మోటారు చేసినవానిని తిట్టి లాభము లేదు. కొసనున్న రైతులు వంతులు వేసికొని నడుపుట యొక యుపాయము. లావు తీగ వేయించుట మరియొకటి. ఫ్యూజు స్థానమున చేతికందిన రాగితీగ చుట్టు అలవాటును మాత్రము మేము ఎంతమాత్రమును ఒప్పుకొనము.

ఇదే పండితుడు 1859లో హైడెల్‌బర్గున బున్సెన్ అను రసాయనవేత్తతో కూడి మంటల రంగులను పరీక్షించెను. ఉప్పుకల్లు మంటలో పడిన పసుపుపచ్చగా మండును. పొటాషు లేత ఊదా రంగు నిచ్చును. ఆ వెలుతురును గాజుపట్టకము గుండ చూచినచో ఒక్కొక్క మూలపదార్థమునకు దానివే యగు గీతలు కనబడును. వేడి వాయువు ఏ రంగుల నిచ్చునో, తన గుండ పోవు వెలుతురులో ఆ రంగులనే మ్రింగునని కిర్కాఫ్ తేల్చెను. సూర్యకాంతిలోని నల్లగీతలకు అర్థము అప్పుడు తెలిసెను.

ఈ విద్య మన నేలకు త్వరలోనే వచ్చెను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును జాన్సెన్ అను ఫ్రెంచి పండితుడు గుంటూరున పరీక్షించి, సూర్యుని అంచున లేచు ఎఱ్ఱని జ్వాలలు మండు వాయువులని గీతలనుబట్టి తెలిసికొనెను. మరునాడు గ్రహణము లేకయే వానిని మరల చూచెను! ఆ యేడు సూర్యకాంతిలో కనబడిన యొక పసుపు గీత ఏ తెలిసిన పదార్థమునకును చెందలేదు. హీలియమను పేరు దానినిబట్టి వచ్చినదే. భూమిమీద ఆ వాయువు 1895లో గాని దొరకలేదు. తరువాతి కాలమున నిజాం కళాశాలలో చదివిన సూరి భగవంతముగారు 1928లో రామన్ పండితునియొద్ద చేరి, కాంతి గీతల శాస్త్రమున పేరుగాంచి, 1952 మొదలు 1957 వరకు ఉస్మానియా ఉపాధ్యక్షులుగా నుండిరి.

మట్టి పరీక్షాలయమున పొటాషును కొలుచు మంట యంత్రము ఈ విద్యయొక్క బిడ్డయే. మట్టినుండి తీసిన ద్రావణమును మంటలో చిమ్మి, పొటాషు రంగు వెలుతురు ఎంతయో కొలుతురు. కావున మట్టిని ఎరువు సంచిలో వేసి పంపరాదు. సంచికి అంటిన పొటాషును, మీ పొలములోని పొటాషును మంట వేరుచేసి చూపదు. ఉదికి ఆరబెట్టిన గుడ్డసంచిలో పంపుడు.