ముఖం చూసి మనసు తెలుసుకోలేని కండరాల జబ్బు



మన ఇళ్లలో చాలా సంగతులు నోటితో చెప్పుకోము. అత్తకు కోపం వచ్చిందని కోడలు ముఖం చూసే గ్రహిస్తుంది. బోరులో నీళ్లు అడుగంటి తోట నుండి తిరిగి వచ్చిన మనిషి నోరు విప్పకముందే ఇల్లాలికి సంగతి అర్థమవుతుంది. ఇది చిన్ననాటి నుండి ఎవరూ నేర్పకుండానే మనకు అబ్బిన విద్య. అయితే పెద్దవారికి వచ్చే ఒక వంశపారంపర్య కండరాల జబ్బులో ఈ విద్య తగ్గిపోవచ్చు. అది జబ్బు లక్షణమని తెలియక "రాతిగుండె మనిషి" అని నిందించే కుటుంబాలు ఉంటాయి. అందుకే ఈ నెల దీని గురించి తెలుసుకుందాం.

ఏమిటీ జబ్బు?

దీని పేరు మయోటోనిక్ డిస్ట్రోఫీ. ఇందులో మొదటి రకం గురించి ఇక్కడ చెబుతున్నాను. 1909లో జర్మనీ వైద్యుడు హాన్స్ స్టైనర్ట్ దీనిని వివరించాడు. ముఖ్య లక్షణం, గట్టిగా బిగించిన పిడికిలి వెంటనే విడవకపోవడం. వేరుశనగ చెట్లు పీకేటప్పుడు, చేదతాడు లాగేటప్పుడు వేళ్లు పట్టేసినట్లు ఉంటాయి. చలిలో ఇది ఎక్కువవుతుంది. నాలుగైదు సార్లు మూసి తెరిస్తే కొంత సులువవుతుంది. క్రమంగా చేతులు, పాదాలు, మెడ, ముఖం కండరాలు బలహీనపడతాయి. చిన్న వయసులోనే కంటిలో శుక్లాలు, పగటిపూట విపరీతమైన నిద్ర, మింగడంలో ఇబ్బంది, గుండె కొట్టుకోవడంలో తేడాలు కూడా రావచ్చు.

దీనికి కారణమైన జన్యువు 19వ క్రోమోజోములో ఉంది. ఆ జన్యువును 1992లో గుర్తించారు. ఆ జన్యువులో మూడక్షరాల ముక్క ఒకటి మామూలు మనుషుల్లో 5 నుండి 34 సార్లు వరుసగా ఉంటుంది. 50 దాటితే జబ్బు. కొందరిలో వెయ్యి దాటుతుంది. తల్లికిగాని తండ్రికిగాని జబ్బు ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. తరం మారేకొద్దీ ముందుగా, మరింత తీవ్రంగా రావచ్చు. తాతకు శుక్లాలు మాత్రమే ఉండి, కొడుకుకు చేతులు పట్టేసి, మనవడికి బడి వయసులోనే లక్షణాలు కనబడవచ్చు. పుట్టుకతోనే వచ్చే తీవ్రమైన రూపం ఎక్కువగా తల్లి నుండి సంక్రమిస్తుంది.

మేనరికం వల్ల వచ్చిందని కొందరు అనుకుంటారు. కొన్ని ఇతర వంశపారంపర్య జబ్బుల విషయంలో ఆ మాట నిజమే. ఈ జబ్బు రావడానికి మాత్రం తల్లిదండ్రుల్లో ఒక్కరి నుండి వచ్చిన జన్యువు చాలు. కనుక పెళ్లి కుదిర్చిన పెద్దలను తప్పు పట్టి లాభం లేదు.

ముఖానికి రెండు వైపులా ఇబ్బంది

మొదటిది అందరికీ కనిపించేదే. కనురెప్పలు వాలి, బుగ్గలు లోపలికి పోయి, నవ్వినా ముఖం కదలదు. లోపల బాధ ఉన్నా బయటికి తెలియదు. ఎదుటివారు "ఏమీ పట్టనట్టు ఉన్నాడు" అనుకుంటారు.

రెండవది కంటికి కనిపించదు. పేరుకు కండరాల జబ్బే అయినా ఇది మెదడును కూడా తాకుతుంది. సంతోషం, దుఃఖం, కోపం, భయం, అసహ్యం, ఆశ్చర్యం అనే ఆరు భావాల ఫోటోలు చూపి, ఏది ఏ భావమో చెప్పమనే పరీక్ష ఒకటి ఉంది. 2006లో స్వీడన్ పరిశోధకులు ఈ రోగులను ఇలా పరీక్షించినప్పుడు కోపం, భయం, అసహ్యం వంటి భావాలను గుర్తించడంలో వారు వెనుకబడ్డారు. జన్యువులో ఆ ముక్క ఎక్కువసార్లు ఉన్నవారికి ఇబ్బంది కూడా ఎక్కువగా కనిపించింది. తరువాత జపాన్, స్పెయిన్ దేశాల్లోనూ ఈ విషయంపై పరిశోధనలు జరిగాయి. అందరికీ ఒకే స్థాయిలో ఉండదు. కొందరికి ఈ ఇబ్బంది ఉన్నట్లు తమకే తెలియదు.

ఇప్పుడు ఇంటి సంగతి ఆలోచించండి. భార్య కోపంగా ఉందని భర్తకు తెలియడం లేదు. ఆయనకు బాధ ఉందని ఆయన ముఖం చెప్పడం లేదు. పైగా పగలంతా నిద్ర. "సోమరి, మాకోసం ఏమాత్రం ఆలోచించడు" అనే మాట వస్తుంది. ప్రేమ లేక కాదు, కబురు అందక వచ్చిన తగవు ఇది.

ఇంట్లో చేయవలసినవి

1. ముఖం ముడుచుకుని ఊరుకోకండి. "నాకు కోపం వచ్చింది, ఇందుకు వచ్చింది" అని మాటల్లో చెప్పండి.
2. "నీకు ఎలా ఉంది? నొప్పా, భయమా, అలసటా?" అని విడివిడిగా అడగండి.
3. ముఖ్యమైన మాటలు వెలుతురులో, ఎదురుగా కూర్చుని, ఒక్కొక్కటిగా మాట్లాడండి.
4. పిల్లలకు "నాయన ముఖం నవ్వకపోయినా ఆయన సంతోషంగానే ఉన్నాడు" అని వివరించండి.

మన సిస్టర్లకు ఒక మాట

ముఖం ప్రశాంతంగా ఉంది కనుక నొప్పి లేదని చార్టులో రాయవద్దు. నొప్పికి ముఖాల బొమ్మలు చూపే బదులు 0 నుండి 10 వరకు అంకె అడగండి. మన ముఖంలో ఆందోళన చూసి రోగి విషయం గ్రహిస్తాడనుకోవద్దు, నోటితో చెప్పండి. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టరుకు ఈ జబ్బు సంగతి ముందే తెలియజేయాలి. కొన్ని మత్తు మందులు వీరికి ప్రమాదం. ఇబ్బంది ఏమీ లేకపోయినా ఏడాదికి ఒకసారి ఈసీజీ తీయించాలి. గుండె లయ తప్పడం వల్ల హఠాత్తుగా ప్రాణం పోవచ్చు. సమయానికి గుర్తిస్తే పేస్‌మేకర్ కాపాడగలదు.

వైద్యం ఎక్కడ?

జబ్బును పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. పట్టేయడం తగ్గడానికి మందులున్నాయి. శుక్లాలకు ఆపరేషన్ ఉంది. అనంతపురం వారికి బెంగళూరులోని నిమ్హాన్స్ దగ్గర. హైదరాబాదులో నిమ్స్ ఉంది. రక్త పరీక్షతో జన్యువును నిర్ధారించవచ్చు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మస్క్యులర్ డిస్ట్రోఫీ కూడా ఉంది కనుక ధ్రువపత్రం కోసం దరఖాస్తు చేసుకోండి.

మీ ఇంట్లోగాని, మీ వీధిలోగాని పిడికిలి విడవని మనిషి, నిద్రమత్తుతో ఉండే మనిషి, నవ్వని మనిషి ఉంటే తిట్టే ముందు ఒకసారి డాక్టరుకు చూపించండి. వారి అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను, పిల్లలను కూడా వెంట తీసుకురండి.