మూడంకెల పరపతి

'పరపతి' అన్న మాటకు తెలుగులో రెండర్థాలున్నాయి. నలుగురిలో మాట చెల్లుబడి కావడం ఒకటి, అప్పు పుట్టే యోగ్యత రెండోది. ఊళ్ళలో సహకార పరపతి సంఘాలు వెలిసింది ఈ రెండో అర్థంలోనే. పూర్వం రెండర్థాలూ కలిసే నడిచేవి. షావుకారు నోటు రాయించుకునే ముందు మనిషిని చూసేవాడు. ఎవరి కొడుకు, ఎన్నెకరాల ఆసామీ, నిరుడు పంట ఇంటికి రాగానే వడ్డీ కట్టాడా లేదా - అన్నీ అతని బుర్రలో ఉండేవి. కులమూ, వీధీ కూడా అక్కడే ఉండేవి లెండి. అందుచేత ఆ రోజులు పోయాయని నేను బెంగపెట్టుకోను.

ఇప్పుడా బుర్ర స్థానంలో ఒక అంకె వచ్చి కూర్చుంది. దాని పేరు క్రెడిట్ స్కోరు. జనం వాడుకలో సిబిల్ స్కోరు. ఇది 300 నుంచి 900 దాకా ఉంటుంది. 750 దాటితే సాధారణంగా బాంకులవారు ఆదరంగా కుర్చీ చూపిస్తారు. నిజానికి సిబిల్ అన్నది 2000లో పుట్టిన ఒక కంపెనీ పేరు. 2005లో పార్లమెంటు చేసిన చట్టం కింద ఈ పని చేసే కంపెనీలు నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. మన అప్పుల వివరాలను బాంకులు వీటికి పంపుతూ ఉండాలి. లోగడ నెలకొకసారి పంపేవి. 2025 జనవరి నుంచి కనీసం పదిహేను రోజులకొకసారి పంపాలన్న నియమం వచ్చింది.

జీతం పెరిగితే స్కోరూ పెరుగుతుందని చాలామంది భ్రమ. మీ జీతమెంతో, బీరువాలో బంగారమెంతో, బాంకులో డిపాజిట్టు ఎంతో ఆ అంకెకు తెలియదు. దానికి తెలిసిందల్లా మీరు చేసిన అప్పులు, వాటిని తీర్చిన తీరు. అన్నిటికన్నా ముఖ్యం వాయిదా తేదీ. ఏ నెల వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైందో రిపోర్టులో పడుతుంది, 36 నెలల చరిత్ర అందులో కనిపిస్తుంది. ఇంట్లో జబ్బు చేసిందా, జీతమే ఆలస్యమైందా అన్నది రాయడానికి అక్కడ గడి లేదు. నాకు నచ్చనిది ఇదే. షావుకారైతే కనీసం "ఏమిటోయ్ సంగతి?" అని అడిగేవాడు.

లక్ష రూపాయల హద్దున్న కార్డు మీద ప్రతి నెలా తొంభై వేలు వాడేవాణ్ణి కూడా, పైసాతో సహా కట్టినా సరే, వీడు అప్పు మీదే బతుకుతున్నాడేమోనని ఆ లెక్క అనుమానిస్తుంది. ఒకే నెలలో నాలుగు చోట్ల అప్పుకు దరఖాస్తులు పెట్టినా అంతే. ఎవరి స్కోరు వారు చూసుకుంటే మాత్రం తగ్గదు.

మా కాలేజీలో గణితం చెప్పే మిత్రుడొకాయన ఉన్నారు. ఒక్క వాయిదా తప్పి ఎరగని మనిషి. కూతురికి పై చదువులో సీటు వచ్చింది. అప్పుకోసం బాంకుకు వెళితే ఆఫీసరు కంప్యూటరు చూసి, "మాస్టారూ, మీ స్కోరు 640 దగ్గరుంది. ఈ లారీ అప్పేమిటండీ?" అన్నాడట. లారీ బావమరిదిది. మూడేళ్ళ క్రితం అతను కాగితాలు ముందుపెట్టి, "సంతకమే గదా బావగారూ, కట్టుకునేవాణ్ణి నేను" అంటే, భార్య ముఖం చూసి ఈయన జామీను సంతకం చేశారు. కిరాయిలు దొరక్క లారీ వాయిదాలు నెలల తరబడి ఆలస్యమయ్యాయి. జామీను ఉన్నవాడి రిపోర్టులోకి కూడా ఆ అప్పు ఎక్కుతుందని ఆయనకెవరూ చెప్పలేదు.

ఆ రాత్రి తమ ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదని ఆవిడే మా ఆవిడతో చెప్పుకుంది. తమ్ముణ్ణి ఏమీ అనలేదు. భర్త తనను ఒక్క మాటా అనకపోవడం మరీ కష్టంగా తోచింది. మర్నాడు గాజులు తీసి ఇచ్చింది. వాటిని తాకట్టుపెట్టి మొదటి సంవత్సరం ఫీజు కట్టారు. ఆగిన వాయిదాలన్నీ బావమరిది తరువాత కట్టేశాడు. అయినా ఆ అంకె లేవడానికి ఏడాదికి పైగా పట్టింది. బాకీ తీరినంత మాత్రాన ఆలస్యమైన నెలలు వెంటనే చెరిగిపోవు మరి. అప్పు ఇచ్చినవాళ్ళతో బేరమాడి తక్కువకు 'సెటిల్' చేసుకోవడం ఇంకా చేటు. ఆ మాట రిపోర్టులో నిలిచిపోయి, తరువాత అప్పిచ్చేవాళ్ళను జంకిస్తుంది.

విద్యార్థి స్కోరు తక్కువన్న కారణంతో విద్యాఋణం దరఖాస్తును తోసిపుచ్చరాదని 2023లో కేరళ హైకోర్టు చెప్పింది. ఇక్కడ తక్కువైంది తండ్రి స్కోరు. పైగా కోర్టు తేల్చేదాకా కాలేజీవారు సీటు అట్టేపెట్టరు గదా!

అప్పు దొరికినా, వడ్డీ దగ్గర తేడా వస్తుంది. చాలా బాంకులు ఇంటి అప్పు వడ్డీని స్కోరును బట్టే నిర్ణయిస్తున్నాయి. 20 లక్షలు 20 ఏళ్ళకు తీసుకుంటే, నూటికి ఎనిమిదిన్నర బదులు తొమ్మిది పడిందనుకోండి. నెలకు దాదాపు 640 రూపాయలు ఎక్కువ. మొత్తం మీద లక్షన్నర దాటుతుంది.

అసలు అప్పే చెయ్యనివారి సంగతేమిటి? వారికి అంకే ఉండదు. ఇల్లంతా నడిపే ఇల్లాలు ఎన్నో మనకు తెలుసు. అప్పులన్నీ భర్త పేర ఉంటే, ఆవిడ పొదుపరితనం ఏ రికార్డులోనూ కనబడదు. పాత అప్పు చరిత్ర లేదన్న ఒక్క కారణంతో కొత్తవారి దరఖాస్తును తిరస్కరించరాదని రిజర్వు బాంకు బాంకులకు సలహా ఇచ్చింది; ఈ సంగతి 2025 ఆగస్టులో పార్లమెంటులోనూ చెప్పారు.

ఏడాదికొకసారి ఈ నాలుగు కంపెనీలూ పూర్తి రిపోర్టును అడిగినవారికి ఉచితంగా ఇవ్వాలి. తెప్పించుకుని, దిన పత్రిక చదివినంత శ్రద్ధగా చదవండి. ఎప్పుడో తీరిన అప్పు ఇంకా ఉన్నట్టు, ఎన్నడూ చెయ్యని అప్పు చేసినట్టు పడటం కద్దు. తప్పుంటే ఫిర్యాదు చెయ్యవచ్చు. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారమివ్వాలని 2023 అక్టోబరులో రిజర్వు బాంకు ఆదేశించింది. మన ఇంటిపేర్లను ఇంగ్లీషులో ఒక చోట ముందు, ఒక చోట వెనక, ఒక చోట పొడి అక్షరంగా రాస్తుంటారు గనుక, పేరూ పాన్ నంబరూ ఉన్న మొదటి పేజీని మరి కాస్త తీరిగ్గా చూడండి.