ఇటుకల వాకిలి పాడవకుండా కడగడం ఎలా?



మన హాస్టలు ముందు వాకిలి, కొళాయి దగ్గరి నుంచి భోజనాల షెడ్డు దాకా దారి ఇటుకలతో పరిచి ఉన్నాయి. వానలు తగ్గేసరికి వాటిమీద పాచి పట్టింది. గోడవార తెల్లగా ఉప్పు పూసింది. సరుకుల జీపు ఆగే చోట నల్లటి నూనె మరకలున్నాయి. వచ్చే శనివారం శ్రమదానంలో ఇదంతా మనమే కడగాలి. "యాసిడ్ పోస్తే ఒక్క గంటలో తెల్లబడిపోద్ది" అని కొందరు అంటున్నారు. యాసిడ్ వద్దని నేను అంటున్నాను. ఎందుకో, మరి ఎలా కడగాలో ఈ వ్యాసంలో చెబుతాను.

ముందు ఇటుక గుణం తెలుసుకోవాలి. ఇటుక చూడ్డానికి రాయిలా ఉంటుంది గానీ దానినిండా కంటికి కనపడని సన్నటి రంధ్రాలుంటాయి. మంచి ఇటుకను 24 గంటలు నీళ్ళలో నానబెడితే తన బరువులో 20 శాతానికి మించి నీళ్ళు పీల్చకూడదని ప్రమాణం ఉన్నది. అంటే 3 కిలోల ఇటుక మంచిదే అయినా 600 గ్రాముల దాకా నీళ్ళు తాగవచ్చు! కావున మనం ఏది పోస్తే ఇటుక అది తాగుతుంది. మంచినీళ్ళు పోస్తే మంచినీళ్ళు, యాసిడ్ పోస్తే యాసిడ్. ఇదే అసలు సంగతి.

మా అయ్య ఏటా పంట పనులు అయ్యాక పట్నం పోయి కూలి చేస్తాడు. పెద్ద ఇళ్ళ ముందర పరిచిన ఇటుకలు, సిమెంటు బిళ్ళలు కడిగే పని ఆయనకు బాగా తెలుసు. ఆయన చెప్పినదానికి సైన్సు పుస్తకంలో చదివినది కలిపి ఈ వరుస రాస్తున్నాను.

1. ముందు పొడిగా ఊడవాలి. కొబ్బరి ఈనెల గట్టి చీపురు మంచిది. గోడవార తెల్లటి ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి, చేటలోకి ఎత్తి బయట పారెయ్యాలి. ముందే నీళ్ళు పోస్తే ఆ ఉప్పు కరిగి మళ్ళీ ఇటుకలోకి దిగుతుంది. ఎండకు నీళ్ళు ఆరిపోయాక పైకి వచ్చి తెల్లగా పూస్తుంది.

2. గడ్డి, మొక్కలు వేళ్ళతో సహా పీకాలి. గునపంతో పొడిస్తే ఇటుక అంచులు విరుగుతాయి. వెదురు బద్ద చాలు.

3. పాచిని కూడా వెదురు బద్దతోనే గీకాలి. తర్వాత బాగా వేడినీళ్ళు పోస్తే మిగిలినది చచ్చిపోతుంది. వేడినీళ్ళు పెద్దవాళ్ళే మోసుకొచ్చి పోయాలి, మనం దూరంగా నిలబడాలి. చల్లారాక చీపురుతో రుద్దాలి. ఇనప బ్రష్షు వాడరాదు. కాలిన పై పొర గీసుకుపోతే లోపలి మెత్తటి భాగం బయటపడి ఇంకా ఎక్కువ పాచి పడుతుంది. ఇనుము ముక్కలు ఇరుక్కుంటే తుప్పు మరకలు కూడా వస్తాయి.

4. నూనె మరక మీద పొయ్యి బూడిదో రంపపు పొట్టో మందంగా చల్లి ఒక రాత్రి ఉంచాలి. అది నూనెను పీలుస్తుంది. తెల్లారి ఊడ్చేసి, ఇటుకను మామూలు నీళ్ళతో తడిపి, అప్పుడు సబ్బునీళ్ళతో రుద్దాలి. ముందే తడపడం ఎందుకంటే, కడుపునిండా నీళ్ళు తాగిన ఇటుక సబ్బును లోపలికి ఎక్కువగా పీల్చదు.

5. పట్నంలో మోటారు పెట్టి నీళ్ళు జోరుగా కొడతారు. ఆ గొట్టం దగ్గరగా పెట్టి సందుల్లోకి కొడితే ఇసుక అంతా లేచిపోతుంది. ఈ ఇటుకల మధ్య సిమెంటు ఉండదు. సందుల్లోని ఇసుకే వాటిని కదలకుండా బిగించి పట్టుకుంటుంది. అది పోతే ఇటుకలు ఊగుతాయి, కాళ్ళకు తగులుతాయి.

6. అంతా ఆరాక, జల్లించిన పొడి ఇసుకను చల్లి సందుల్లోకి ఊడవాలి. ఈ పని మానేస్తే కడిగినా ఫలితం లేదు.

ఇక యాసిడ్ సంగతి. దాని పేరు హైడ్రోక్లోరిక్ ఆమ్లం. కాలిన మట్టిని వెంటనే కరిగించదు గానీ సున్నాన్ని, సిమెంటును కరిగిస్తుంది. సిమెంటు బిళ్ళలమీద పోస్తే పైపొర పోయి లోపలి చిప్స్ రాళ్ళు తేలుతాయి. కరిగిన సున్నం కాల్షియం క్లోరైడ్ అనే లవణమై ఇటుకలోకి దిగుతుంది. కొన్ని ఇటుకలకు పసుపు మరకలు కూడా వస్తాయి. ఆ రోజు తెల్లగా కనపడినా తర్వాత నేల పాడవుతుంది.

నేల సంగతి అట్లా ఉంచండి, మనిషి సంగతి చూడండి. ఒక ఇంటి దగ్గర మా అయ్యకు గ్లౌజులు ఇవ్వకుండానే యాసిడ్ పని చెప్పారు. అరచేతుల తోలు లేచిపోయింది. నెల రోజులు అన్నం కలుపుకోలేక చెంచాతో తిన్నాడు. అయ్య ఇంటికి తెచ్చిన ఖాళీ డబ్బామీద "చేతికి తగలనీయరాదు" అని రాసి ఉన్నది. అయ్యకు చదువు రాదు. సెలవుల్లో నేను చదివి వినిపిస్తే, "ఇంత చిన్న అక్షరాలతోనా రాశారు!" అన్నాడు.

ఇంకొక ముఖ్య విషయం. యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడర్‌ను ఎప్పుడూ కలపరాదు. ఒకటి పోసిన చోట రెండోది పోయరాదు. కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులమీదికి వదిలిన విషవాయువు అదే. ఎక్కడైనా ఆ ఘాటు వాసన వస్తే వెంటనే బయట గాలిలోకి పరుగెత్తి పెద్దవాళ్ళను పిలవాలి. కళ్ళు మండితే మంచినీళ్ళతో బాగా కడుక్కొని డాక్టరు దగ్గరికి పోవాలి.

పాచి మళ్ళీ రాకుండా ఉండాలంటే నీళ్ళు నిలవకూడదు. మీటరు పొడవుకు ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల వాలు ఉంటే నీళ్ళు జారిపోతాయి. మన కొళాయి కింద ఇటుకలు కుంగి గుంట పడింది. అక్కడి ఇటుకలు తీసి, ఇసుక పోసి, మళ్ళీ పరిపించమని మేడమ్ గారిని కోరుతున్నాము.

కావున శనివారానికి చీపుర్లు, వెదురు బద్దలు, బూడిద, రెండు తట్టల ఇసుక సిద్ధం చేసుకుందాం. యాసిడ్ డబ్బా స్టోరు గదిలోనే ఉండనిద్దాం. వాకిలి పాలలాగా తెల్లబడక్కరలేదు. ఇటుక ఎర్రగానే ఉంటుంది. ఒకటో తరగతి చెల్లెళ్ళు జారిపడకుండా పళ్ళెం పట్టుకొని భోజనానికి నడిస్తే చాలు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని