ఫోన్ కాంట్రాక్ట్ క్యాష్‌బ్యాక్: యూకేలో ఆ డబ్బులు చేతికి రావడం ఎందుకంత కష్టం?

యూకేకి కొత్తగా వచ్చిన మనవాళ్లు, ముఖ్యంగా స్టూడెంట్స్, నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, నెలకి 36 పౌండ్లు, కానీ క్యాష్‌బ్యాక్ తీసేస్తే 28 పౌండ్లే అని వెబ్‌సైట్‌లో పెద్ద అక్షరాలతో ఉంది. తీసుకోవచ్చా?" అని. తీసుకోవచ్చండి. నేను కూడా అలాంటిదే తీసుకున్నాను. కాకపోతే అందులో మొదటి విడత, 38 పౌండ్ల 40 పెన్స్, నా అకౌంట్‌లో పడటానికి దాదాపు రెండు నెలలు పోట్లాడాల్సి వచ్చింది. మన రూపాయల్లో నాలుగు వేల పైచిలుకు. ఈ ఎపిసోడ్ దాని గురించే.

ముందు లెక్క చూద్దాం. మన దగ్గర ఫోన్ విడిగా కొనుక్కుంటాం, సిమ్‌కి రీఛార్జ్ చేసుకుంటాం, అంతే. ఇక్కడ ఫోను, ప్లాను కలిపి 24 నెలల కాంట్రాక్ట్ మీద ఇస్తారు. నెలకి 36 చొప్పున 24 నెలలకి 864 పౌండ్లు. అందులో 192 క్యాష్‌బ్యాక్ అంటున్నారు. 864 లోంచి 192 తీసేస్తే 672, దాన్ని 24తో భాగిస్తే 28. లెక్క కరెక్టే, అబద్ధం ఏమీ లేదు. కానీ మీ బ్యాంక్ నుంచి ప్రతి నెలా కట్ అయ్యేది 36 మాత్రమే, 28 కాదు. ఆ 192 తర్వాత ఎప్పుడో, ఐదు విడతలుగా, మీరు అడిగితేనే వస్తుంది. అడగకపోతే రాదు. దీన్ని ఇక్కడ 'క్యాష్‌బ్యాక్ బై రిడెంప్షన్' అంటారు. 'ఆటోమేటిక్ క్యాష్‌బ్యాక్' అని ఇంకో రకం ఉంది, దానికి మనం క్లెయిమ్ పెట్టక్కర్లేదు. రెండూ ఒకే పేజీలో పక్కపక్కనే కనిపిస్తాయి, చూసి నొక్కండి.

ఇంకో చిన్న విషయం. చాలా నెట్‌వర్క్‌లు ఏప్రిల్‌లో నెల చార్జీ పెంచుతాయి. 2025 జనవరి 17 నుంచి తీసుకున్న కాంట్రాక్టుల్లో, పెంచేది ఉంటే ఎంత పెంచుతారో పౌండ్లు, పెన్స్‌లో ముందే చెప్పాలని ఇక్కడి టెలికాం రెగ్యులేటర్ ఆఫ్‌కామ్ రూల్ పెట్టింది. చార్జీ పెరిగినంత మాత్రాన క్యాష్‌బ్యాక్ పెరగదు కదా. కాబట్టి ఆ 28 కూడా చివరిదాకా 28గా ఉండకపోవచ్చు.

ఇప్పుడు అసలు పాయింట్. ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమైనట్టే. మీరు ఒక్క సంతకం పెట్టాననుకుంటారు, కానీ అక్కడ ఉన్నవి రెండు ఒప్పందాలు. ఒకటి నెట్‌వర్క్‌తో: నెలనెలా డబ్బు కడతాను, సర్వీస్ ఇవ్వు అని. రెండోది ఫోన్ అమ్మిన రిటైలర్‌తో: బిల్లులు చూపిస్తాను, క్యాష్‌బ్యాక్ ఇవ్వు అని. రిటైలర్ డబ్బు ఎగ్గొట్టినా నెట్‌వర్క్‌కి మీరు కట్టాల్సింది ఆగదు. నెట్‌వర్క్ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "క్యాష్‌బ్యాక్‌తో మాకు సంబంధం లేదండీ" అంటారు. తప్పించుకుంటున్నారని మనకి కోపం వస్తుంది. కానీ చాలా కేసుల్లో వాళ్లు చెప్పేది నిజమే.

నా క్లెయిమ్ రిజెక్ట్ అయిన రోజు మా రూమ్మేట్, గుంటూరు వాడు, వెంటనే ఇచ్చిన సలహా ఏంటంటే, "మామా, డైరెక్ట్ డెబిట్ ఆపెయ్ రా, వాళ్లే కాళ్ల బేరానికి వస్తారు." నవ్వొచ్చింది కానీ, నిజం చెప్పాలంటే ఒక నిమిషం నాకూ టెంప్టింగ్‌గానే అనిపించింది. ఆ పని మాత్రం చేయకండి. మీరు ఆపేది రిటైలర్ డబ్బు కాదు, నెట్‌వర్క్ డబ్బు. అది మీ క్రెడిట్ ఫైల్‌లో మిస్డ్ పేమెంట్‌గా పడుతుంది, ఆరేళ్లు అలాగే ఉంటుంది. రేపు ఇల్లు కొనాలన్నా, కారు లోన్ కావాలన్నా అది బయటికొస్తుంది. పైగా బిల్లులు టైముకి కట్టినవాళ్లకే క్యాష్‌బ్యాక్ అని ఈ ఆఫర్ల షరతుల్లో సాధారణంగా ఉంటుంది. అంటే మిగిలిన నాలుగు విడతలు కూడా మన చేత్తో మనమే పోగొట్టుకున్నట్టు.

అసలు ఈ రిటైలర్‌కి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? కొత్త కస్టమర్‌ని తెచ్చినందుకు నెట్‌వర్క్ అతనికి కమిషన్ ఇస్తుంది. అందులోంచి కొంత మనకి తిరిగిస్తాడు. ఇక్కడిదాకా మంచి వ్యాపారమే. కానీ మర్చిపోయేవాళ్లు ఎంతమంది ఉంటే అతనికి అంత మిగులు. 2000ల మధ్యలో ఇది బాగా ముదిరింది. కట్టిన డబ్బంతా తిరిగి ఇచ్చేస్తాం, ఫోన్ ఫ్రీ అన్నట్టు కొన్ని షాపులు అమ్మాయి. పేపర్ బిల్లులు పోస్ట్‌లో పంపాలి, ఫలానా నెలల్లోనే పంపాలి, కొద్ది రోజుల గడువులోనే చేరాలి. పంపినవాళ్లకి "మాకు అందలేదు" అని జవాబు. కొన్ని కంపెనీలు ఏకంగా మూతపడ్డాయి. కంపెనీ మూతపడితే మన 192 పౌండ్లకి మనం అప్పులవాళ్ల వరుసలో చివరి బెంచీలో కూర్చోవాలి, వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. నెట్‌వర్క్ బిల్లు మాత్రం వస్తూనే ఉంటుంది.

ఆ గొడవల తర్వాత 2007లో నెట్‌వర్క్‌లు స్వచ్ఛందంగా ఒక కోడ్ పెట్టుకున్నాయి. అది సరిపోలేదని 2009లో ఆఫ్‌కామ్ ఖచ్చితమైన నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం తమ కాంట్రాక్టులు అమ్మే రిటైలర్ల క్యాష్‌బ్యాక్ షరతులు మరీ ఇరుకుగా లేకుండా నెట్‌వర్క్‌లే చూసుకోవాలి. ఇప్పుడు చాలాచోట్ల పోస్ట్ పోయి ఆన్‌లైన్ అప్‌లోడ్ వచ్చింది. నయమే. కానీ గడువు అనేది మాత్రం పోలేదు.

ఇక నా సంగతి. ప్రోగ్రామింగ్‌లో ఆఫ్-బై-వన్ ఎర్రర్ అని ఒకటుంటుంది, లెక్క ఒకటి అటో ఇటో అవ్వడం. ఐదేళ్లు కోడ్ రాసిన నేను సరిగ్గా అక్కడే పడ్డాను. నా కనెక్షన్ మొదలైంది మార్చి 20న. మొదటి బిల్లు ఏప్రిల్ 2న వచ్చింది. రూల్ ఏంటంటే "ఆరు నెలలు పూర్తయ్యాక వచ్చే మొదటి బిల్లు, బిల్లు తేదీ నుంచి 60 రోజుల్లో". నేను ఏప్రిల్ నుంచి వేళ్ల మీద లెక్కపెట్టి, ఆరో బిల్లు, అంటే సెప్టెంబర్ 2ది అప్‌లోడ్ చేసేశాను. కానీ ఆరు నెలలు పూర్తయ్యేది సెప్టెంబర్ 20కి కదా! వాళ్లకి కావాల్సింది అక్టోబర్ 2 బిల్లు, అంటే ఏడోది. రిజెక్ట్ చేసి మెయిల్ పంపారు, అది జంక్ ఫోల్డర్‌లో పడుంది. నేను చూసింది డిసెంబర్ 9న. గడువు డిసెంబర్ 1తో అయిపోయింది.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. అయినా వదల్లేదు. ఎందుకంటే నేను క్లెయిమ్ వేశానన్నది వాళ్ల సిస్టమ్‌లోనే ఉంది, బిల్లులన్నీ టైముకి కట్టాను, వాళ్లకి ఒక్క పెన్నీ నష్టం లేదు. ముందు మామూలు కంప్లైంట్ పెట్టాను, సరైన బిల్లు జతచేసి. "షరతుల ప్రకారం కుదరదు" అని రెండు లైన్ల జవాబు. అప్పుడు 'లెటర్ బిఫోర్ క్లెయిమ్' రాశాను. పేరు భయంగా ఉంది కానీ లాయర్ అక్కర్లేదు, ఒక పేజీ చాలు. ఏ తేదీన ఏం జరిగింది, ఎంత రావాలి, 14 రోజుల్లో ఇవ్వకపోతే స్మాల్ క్లెయిమ్స్‌కి వెళతాను అని. కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ 2015 ప్రకారం అన్యాయమైన షరతు వినియోగదారుడి మీద చెల్లదు అన్న పాయింట్ కూడా రాశాను. గెలుస్తానని గ్యారంటీ లేదు, నా కేసు అంత బలమైనదీ కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లో 300 పౌండ్ల లోపు క్లెయిమ్‌కి కోర్టు ఫీజు 35. గెలిస్తే అది కూడా సాధారణంగా తిరిగొస్తుంది, ఓడిపోతే 38 కోసం ఇంకో 35 పోయినట్టే. పన్నెండో రోజు మెయిల్ వచ్చింది: "గుడ్‌విల్ కింద చెల్లిస్తున్నాం". తప్పు ఒప్పుకోలేదు, డబ్బు మాత్రం ఇచ్చారు. నాకు కావాల్సిందీ అదే.

మీరు వేసే ముందు కొన్ని చూసుకోండి. కొన్న రోజే క్యాష్‌బ్యాక్ షరతుల పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి, వెబ్‌సైట్‌లో పేజీ తర్వాత మారిపోవచ్చు. బిల్లు పూర్తిగా పెట్టండి, మొదటి పేజీ స్క్రీన్‌షాట్ కాదు. అప్‌లోడ్ అయ్యాక వచ్చే రిఫరెన్స్ నంబర్ దాచుకోండి. మధ్యలో ప్లాన్ తగ్గించుకునే ముందు, ఫోన్ అప్‌గ్రేడ్ చేసే ముందు రిటైలర్‌ని రాతపూర్వకంగా అడగండి. చాలా ఆఫర్లు అక్కడే రద్దవుతాయి. ఇల్లు మారితే అడ్రస్ రెండు చోట్లా మార్చాలి, నెట్‌వర్క్ దగ్గర ఒకసారి, రిటైలర్ దగ్గర ఒకసారి. మన స్టూడెంట్స్ ఏడాదికి రెండు ఇళ్లు మారతారు, అందుకే చెప్తున్నా.

ఒక్కటి నిజాయితీగా అడుగుతాను. 24 నెలల్లో ఐదుసార్లు, సరైన వారంలో, సరైన బిల్లు పెట్టగలరా? "ఏమో అన్నా" అనిపిస్తే ఆ డీల్‌ని 36 పౌండ్ల డీల్‌గానే చూడండి. పక్కన క్యాష్‌బ్యాక్ లేకుండా 31కి దొరుకుతుంటే నేనైతే అదే తీసుకోమంటాను.

నాకు రెండు, మూడు, నాలుగో విడతలు ఏ గొడవా లేకుండా వచ్చేశాయి. ఐదోది మిగిలుంది, ఫిబ్రవరి 2 బిల్లు. క్యాలెండర్‌లో మూడు అలారాలు పెట్టాను, ఒకటి మా రూమ్మేట్ ఫోన్‌లో కూడా.