టవర్ దూరమైతే ఫోన్ అరుస్తుంది

2000ల మొదట్లో ఇంట్లో సెల్‌ఫోన్ ఉన్నవాళ్లకు ఆ చప్పుడు గుర్తుండే ఉంటుంది. టీవీలో సీరియల్ నడుస్తుంటుంది, పక్కన బల్ల మీద నోకియా ఫోన్ పడి ఉంటుంది. ఉన్నట్టుండి టీవీ స్పీకర్ “టిట్టిటి టిట్టిటి టిర్ర్‌ర్” అంటుంది. ఫోన్ ఇంకా మోగనే లేదు. అయినా “ఎవరో ఫోన్ చేస్తున్నరు, చూడుండ్రి” అని వంటింట్లోంచి కేక వినిపించేది. ఆ మరుక్షణమే రింగు. కంటికి కనపడని, చెవికి వినపడని రేడియో తరంగం మామూలు జనానికి తన ఉనికి చాటుకున్నది ఆ చప్పుడుతోనే.

అందులో మాయ ఏమీ లేదు. జీఎస్‌ఎం అనే రెండోతరం పద్ధతిలో ఒకే ఫ్రీక్వెన్సీని ఎనిమిది ఫోన్ల దాకా వంతులవారీగా పంచుకుంటాయి. ప్రతి ఫోనూ సెకనుకు 217 సార్లు, తన వంతు రాగానే ఒక్క తృటి తరంగాన్ని విడిచి ఆగిపోతుంది. ఆ దెబ్బలను టీవీ లోపలి తీగలు ఏరియల్ మాదిరిగా పట్టి స్పీకర్‌కు చేరవేసేవి. దెబ్బ పడిన తృటిలో ఫోన్ వెలువరించే శక్తి 900 మెగాహెర్ట్జ్ దగ్గర గరిష్ఠంగా 2 వాట్లు. ఎనిమిది వంతుల్లో ఒక వంతే పని గనుక సగటున పావు వాటు. 3జీ ఫోన్లు ఇలా దెబ్బలు కొట్టకుండా నిరంతరాయంగా ప్రసారం చేస్తాయి, 3జీ, 4జీ ఫోన్ల గరిష్ఠం కూడా పావు వాటుకు అటూఇటూగానే ఉంటుంది. అందుకే ఇప్పటి టీవీలు మూగబోయాయి. ఆ తరంగాల మీద భయం మాత్రం మూగబోలేదు.

హన్మకొండలో మా పక్క కాలనీలో ఒక డాబా మీద టవర్ పెడతారని తెలిసిన సాయంత్రం వీధిలో జనం గుమిగూడారు. “గది పెడితే మా పిల్లల గతేంది సారూ?” అని ఒకామె నిలదీసింది. “ఊరవతల పెట్టుకోండ్రి, ఎవరొద్దన్నరు?” అని ఒక పెద్దాయన. కాసేపటి కిందటే ఆయన ఇంట్లో సిగ్నల్ అందక గేటు దాకా వచ్చి, ఒక చెవి వేలితో మూసుకుని “హలో, ఇనవడుతుందా?” అని గొంతు చించుకున్నాడు. ఆయన గొంతు చించుకుంటున్నప్పుడు ఆయన చెవికి ఆనించుకున్న ఫోన్ కూడా సరిగ్గా అదే పని చేస్తోంది. ఈ వ్యాసం ఆ ఫోన్ గురించే.

దాని వంశవృక్షం పెద్దది. 1887లో జర్మనీలో హైన్రిచ్ హెర్ట్జ్ ప్రయోగశాలలో నిప్పురవ్వలు పుట్టించి, రేడియో తరంగాలు నిజంగా ఉన్నాయని చూపాడు. 1895లో కలకత్తా టౌన్‌హాల్లో జగదీశ్‌చంద్ర బోస్ అంతకన్నా చాలా పొట్టి తరంగాలను గోడల గుండా పంపి అవతలి గదిలో గంట మోగించాడు, తుపాకిమందు పేల్చాడు. దారిలో కూర్చున్న బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ దేహం గుండా కూడా ఆ తరంగాలు దూసుకుపోయాయని చెబుతారు. ఆయన ఫిర్యాదు చేసినట్టు ఎక్కడా లేదు. 1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ వీధిలో నిలబడి మోటరోలా ఇంజినీరు మార్టిన్ కూపర్ కిలోకు పైగా బరువున్న ఫోన్‌తో పోటీ సంస్థ బెల్ ల్యాబ్స్‌లోని జోయెల్ ఎంగెల్‌కు కాల్ చేశాడు. చేతిలో పట్టుకునే సెల్‌ఫోన్ మొదటి మాట ఒక దెప్పిపొడుపు అన్నమాట. మన దేశంలో 1995 జూలై 31న జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడాడు. మన ఉమ్మడి రాష్ట్రంలో టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్ పేర్లు వినిపించిన ఆ తొలి ఏళ్లలో ఫోన్ చేసినా డబ్బే, ఎత్తినా డబ్బే. 2003 మే 1న ఇన్‌కమింగ్ ఉచితమైంది. తరంగాల సంగతి పక్కన పెడితే, ఫోన్ చెవికి ఆనే నిమిషాలు నిజంగా పెరిగింది అప్పట్నుంచే.

ఆ తరంగం ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుంది? ఎక్స్‌రే మాదిరిగా పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడబెరికే బలం దానికి లేదు. అణుబంధం తెగాలంటే కొన్ని ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఒక్క దెబ్బలో తగలాలి. 900 మెగాహెర్ట్జ్ తరంగంలో ఒక్కో ఫోటాన్ మోసుకొచ్చేది ఎలక్ట్రాన్ వోల్టులో పది లక్షల వంతులు నాలుగు కూడా ఉండవు. అలాంటివి కోట్లు వచ్చి పడినా బంధం తెగదు. కాని ఒంట్లోని నీటి అణువులు అటూఇటూ ఊగుతాయి, ఆ ఊపు వేడిగా మారుతుంది. నిక్కచ్చిగా రుజువైన ప్రభావం ఈ వేడి ఒక్కటే. గంటసేపు మాట్లాడాక చెంపకు తగిలే వెచ్చదనం మాత్రం ఇది కాదు. అందులో ఎక్కువ భాగం బ్యాటరీ, చిప్పుల వేడి, పైగా చెవిని గాలి ఆడకుండా మూసి ఉంచడం.

వేడిని కొలిచే అంకె పేరు సార్. కిలో కణజాలం ఎన్ని వాట్లు పీల్చుకుంటుందన్నదే దాని లెక్క. ప్రయోగశాలలో తల ఆకారపు ప్లాస్టిక్ చిప్పలో మెదడులాగే తరంగాలను పీల్చే ద్రవం పోసి, దానికి ఫోన్ ఆనించి, పూర్తి శక్తితో మోగిస్తూ లోపల సన్నని ప్రోబ్‌తో వెదుకుతారు. ఆ తలకు నమూనా 1980ల అమెరికా సైనికుల కొలతల్లోంచి తీసుకున్న భారీ పురుషుడి తల. చిన్నపిల్లల తల దానికి నకలు కాదన్న విమర్శ ఎప్పటినుంచో ఉంది, అందులో పస కూడా ఉంది. మన దేశం 2012 సెప్టెంబర్ 1 నుంచి హద్దును కఠినం చేసింది. అంతకుముందు 10 గ్రాముల కణజాలం మీద సగటున కిలోకు 2 వాట్లు ఉండేది, దాన్ని 1 గ్రాము మీద సగటున 1.6 వాట్లకు దించింది. మీ ఫోన్‌లో *#07# నొక్కితే చాలా మోడళ్లలో ఆ అంకె తెర మీదికి వస్తుంది.

ఇక్కడే జనం బోల్తా పడతారు. 0.9 అంకె ఉన్న ఫోన్ 1.2 ఉన్నదానికంటే రోజువారీ వాడకంలో మేలని అనుకుంటారు. ఆ అంకె చెప్పేది ఫోన్ గరిష్ఠ శక్తితో మోగినప్పటి సంగతి. నిజ జీవితంలో ఫోన్ ఎంతసేపు గరిష్ఠంలో ఉంటుందన్నది దాని మోడల్ కంటే మీరు నిలబడిన చోటు మీద ఎక్కువ ఆధారపడుతుంది.

నాకు ఈ యంత్రంలో అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది ఇదే. టవర్ ఊరికే మాట్లాడదు, వింటుంది కూడా. ఫోన్ నుంచి వచ్చే తరంగం ఎంత బలంగా అందుతోందో చూసి, “చాలు, తగ్గించు” అనో “అందట్లేదు, పెంచు” అనో ఎప్పటికప్పుడు ఆజ్ఞ పంపుతుంది. పాత జీఎస్‌ఎంలో ఆ ఆజ్ఞ సెకనుకు సుమారు రెండుసార్లు వచ్చేది. 900 మెగాహెర్ట్జ్ ఫోన్ 2 వాట్ల నుంచి 3 మిల్లీవాట్ల దాకా పదిహేను మెట్లుగా దిగగలిగేది. అంటే అరుపుకూ గుసగుసకూ మధ్య ఆరువందల రెట్ల తేడా. 3జీ వచ్చాక ఆజ్ఞలు సెకనుకు 1500 అయ్యాయి, ఫోన్ సగటున వెలువరించే శక్తి ఒక్కసారిగా పడిపోయింది. టవర్ దగ్గరుంటే ఫోన్ గుసగుసలాడుతుంది. టవర్‌ను ఊరవతలికి తరిమితే ఫోన్ అరుస్తుంది, అదీ మన చెవి దగ్గర.

కాజీపేట దాటి బల్లార్షా వైపు పోయే రైల్లో చూడండి. పెట్టె ఇనుపది, చుట్టూ అడవి, సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోతుంటాయి. “హలో హలో” అంటున్న ప్రయాణికుడి ఫోన్ ఆ వేళ తన శక్తినంతా ధారపోస్తుంటుంది. బ్యాటరీ మామూలుకంటే వేగంగా పడిపోవడం దానికి సాక్ష్యం. మేడారం జాతరకు కంపెనీలు తాడ్వాయి అడవిలో తాత్కాలిక టవర్లు నిలబెడతాయి, చక్రాల మీద కూడా తెస్తాయి. జనం మాట్లాడుకోవడానికే అనుకుంటాం గాని, లక్షల ఫోన్లు గొంతు తగ్గించడానికి కూడా అవే కారణం.

సరే, టవర్ నుంచి మనకు వచ్చేది ఎంత? ఈ లెక్కకు ఎన్‌ఐటీ దాకా పోనక్కరలేదు, పదోతరగతి గణితం చాలు. టవర్ ఏంటెన్నాకు 20 వాట్లు అందుతాయనుకుందాం. ఏంటెన్నా ఆ శక్తిని అన్ని దిక్కులా వెదజల్లకుండా ఒకవైపు కూడగడుతుంది గనుక, ఎదురుగా నిలబడ్డవాడికి అది వెయ్యి వాట్ల దీటుగా ఉంటుంది. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న గోళం ఉపరితలం సుమారు 31,400 చదరపు మీటర్లు. వెయ్యిని దానితో భాగిస్తే చదరపు మీటరుకు 0.03 వాట్లు. 2012లో మన ప్రభుత్వం 900 మెగాహెర్ట్జ్‌కు పెట్టిన హద్దు 0.45 వాట్లు. అంతర్జాతీయ సంఘం ఐసీఎన్‌ఐఆర్‌పీ చెప్పిన 4.5లో అది పదో వంతు. ఆ 4.5 కూడా ఒంటికి వేడి ఎక్కే మట్టానికి యాభై రెట్లు కింద గీసిన గీత. ఒకే టవర్ మీద నాలుగు కంపెనీల ఏంటెన్నాలు ఉంటే మొత్తం పెరుగుతుంది, అయినా గీత కిందే ఉండే అవకాశం ఎక్కువ. సరిగ్గా టవర్ కింది ఇంట్లో ఉన్నవాళ్లే ఎక్కువ భయపడతారు, కాని తరంగం అటు దిగదు. అది కొద్ది డిగ్రీలే వంగి దూరంగా పోతుంది. జాగ్రత్తగా చూడాల్సింది ఏంటెన్నా ఎత్తుకు సమానంగా, దానికి ఎదురుగా, బాగా దగ్గర్లో ఉన్న పై అంతస్తును.

పావు వాటు వెలువరించే ఫోన్ మీటరు దూరంలో ఎంత ఇస్తుందో అదే పద్ధతిలో భాగించి చూడండి. 0.02 వస్తుంది. యాభై మీటర్ల అవతలి టవరూ, మీటరు దూరంలో అరుస్తున్న పక్కవాడి ఫోనూ దాదాపు సమఉజ్జీలే. ఇక చెవికి ఆనించిన ఫోన్ సంగతి చెప్పేదేముంది.

టవర్ మీద ఫిర్యాదులన్నీ వట్టివని నేననను. పాత డాబా ఆ బరువు మోస్తుందా? రాత్రంతా డీజిల్ జనరేటర్ మోత, పొగ ఎవరు భరించాలి? కిరాయి ఒకరికి, చప్పుడు పదిమందికి. ఇవి న్యాయమైన కొట్లాటలు. రేడియేషన్ పేరు పెట్టుకోవడంతో ఇవి మూలపడుతున్నాయి. రేడియేషన్ మీదే అనుమానం ఉంటే 2017 మేలో టెలికం శాఖ తెరిచిన తరంగ్ సంచార్ పోర్టల్ ఉంది. అక్కడ మీ చుట్టుపక్కల టవర్లు చూడొచ్చు, రూ.4000 రుసుము కట్టి కొలిపించుకోనూవచ్చు.

క్యాన్సర్ మాట దాటవేయలేం. 2011 మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఈ తరంగాలను 2బీ జాబితాలో, అంటే “క్యాన్సర్ కారకం కావచ్చునేమో” అన్న వరుసలో చేర్చింది. అదే జాబితాలో ఆసియా తరహా కూరగాయల పచ్చళ్లు కూడా ఉన్నాయి. కంగారొద్దు, అవి చైనా వైపు పులియబెట్టేవి, మన ఆవకాయ కాదు. సాక్ష్యం చాలనప్పుడు తలుపు పూర్తిగా మూయకుండా ఉంచే జాబితా అది. ప్రపంచ ఆరోగ్య సంస్థే పురమాయించిన పరిశీలన 2024లో వెలువడింది. 63 అధ్యయనాలను వడకట్టి, పదేళ్లకు పైగా వాడినవాళ్లలో కూడా ఫోన్‌కూ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనపడలేదని తేల్చింది. ఫోన్లు కోట్లలో పెరిగిన దేశాల్లో మెదడు గడ్డలు ఆ నిష్పత్తిలో పెరగకపోవడం దానికి బలం. భయం క్యాన్సర్‌తోనే ఆగలేదు, 2021 మేలో కరోనాకు 5జీ పరీక్షలే కారణమని పుకారు లేస్తే టెలికం శాఖ ఖండించాల్సి వచ్చింది. మన దేశంలో 5జీ సేవ మొదలైంది 2022 అక్టోబర్‌లో.

నిబంధనలు కాగితాలకే పరిమితం కావు. 2023 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్ తనిఖీ సంస్థ ఐఫోన్ 12ను చేతికి, జేబుకు తగిలేలా పెట్టి కొలిస్తే ఆ కొలతకు సార్ హద్దు కిలోకు 4 వాట్లు ఉన్నచోట 5.74 వచ్చింది. అమ్మకాలు ఆపించారు, ఆపిల్ సాఫ్ట్‌వేర్ సవరించి శక్తి తగ్గించాల్సి వచ్చింది. ఒంటికి ఆనించుకోవడానికీ కాస్త దూరంగా ఉంచడానికీ తేడా ఎంతో ఆ ఫోన్‌కే తెలుసు.

అందుకే నేను పాటించేది కొద్దిపాటిదే. సిగ్నల్ గీత ఒక్కటే ఉన్నప్పుడు, లిఫ్టులో, సెల్లార్‌లో పెద్ద కాల్ పెట్టుకోను. తీగ ఉన్న ఇయర్‌ఫోన్ గాని స్పీకర్ గాని వాడతాను, అర అడుగు దూరమే చాలా తేడా చేస్తుంది. రింగయ్యేదాకా చెవికి ఆనించను, ఎందుకంటే కాల్ కలిసేటప్పుడు జీఎస్‌ఎం ఫోన్లు సాధారణంగా పెద్ద గొంతుతోనే మొదలుపెడతాయి. పిల్లలకు ముందుంది నిండు జీవితం గనుక వాళ్లకు చాట్, వీడియో మేలంటాను. అది కళ్లకు మేలా అని అడగొద్దు. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఫోన్‌ను చొక్కా ఎడమ జేబులో కాకుండా దాని నుంచి కనీసం 15 సెంటీమీటర్లు దూరంగా ఉంచాలి. ఫోన్ వెనక అంటించే “యాంటీ రేడియేషన్” స్టిక్కర్లు కొనొద్దు. అవి నిజంగా తరంగాన్ని ఆపితే టవర్ “పెంచు” అంటుంది, ఫోన్ ఇంకా అరుస్తుంది. ఆపకపోతే అవి వట్టి రంగుకాగితాలు.

ఇన్ని చెప్పాక, నిజంగా మనుషుల్ని చంపుతున్న చోటుకు రావాలి. హైదరాబాద్ రోడ్డు మీద సాయంత్రం వేళ హెల్మెట్ లోపలికి ఫోన్ దూర్చి, తల ఒక పక్కకు వాల్చి బండి నడుపుతున్నవాళ్లు కనపడుతూనే ఉంటారు. ఆ ఫోన్ చెంపను గట్టిగా అదుముకుని ఉంటుంది, బండి ఒక టవర్ పరిధి నుంచి ఇంకో టవర్ పరిధిలోకి దూకుతుంటుంది. సార్ అంకె చూసినా అంతకంటే చెడ్డ భంగిమ లేదు. కాని అక్కడ అపాయం సార్ కాదు, ఎదురుగా వస్తున్న లారీ. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం బండి నడుపుతూ చేతిలో ఫోన్ వాడటాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద చేర్చింది. హెల్మెట్‌లో దూర్చింది చేతిలో ఉన్నట్టు కాదు కదా అని మా వీధి కుర్రాడొకడు నాతో వాదించాడు.