'గో' అను ఇంగ్లీషు క్రియ

ఇంగ్లీషు నేర్వబూనిన పిల్లవానికి తొలి దినములలోనే ఎదురగు క్రియలలో 'గో' ఒకటి. ఆ భాషలో రెండక్షరములతో వ్రాయబడు ఈ చిన్న మాట చాలకాలము చదువుకొన్న వారిని సైతము తడబడజేయుట మేమెరుగుదుము. తడబాటునకు కారణము మాట కఠినమై యుండుట కాదు. 'గో' అనగా 'వెళ్లు' అని మొదటి దినమున నేర్చుకొని, అంతటితో దాని పని ముగిసినదని మన మనుకొనుటయే.

దీని రూపములు ఐదు: గో, గోస్, గోయింగ్, వెంట్, గాన్. తెలుగున 'వెళ్లితిని' అన్నచో వెళ్లినవాడు నేనే. 'వెళ్లితివి' అన్నచో నీవు. క్రియాపదము చివరనే కర్త దాగియుండును గనుక మనము కర్తను వేరుగ చెప్పకయే మాటలాడగలము. ఇంగ్లీషు 'వెంట్' కు ఆ శక్తి లేదు. ఐ వెంట్, యు వెంట్, షి వెంట్, దే వెంట్ - అందరికిని ఒకే రూపము. కావున అచట కర్తను చెప్పక తప్పదు. వర్తమానమున మాత్రము హి, షి, ఇట్ అను వానికి 'గోస్' వచ్చును. వ్రాతలో చివర 'స్' ఉన్నను పలుకుబడిలో అది 'జ్' కు చేరువగ నుండును. ఇక 'డిడ్ యు వెంట్?' అని అడుగువారు పలువురు. భూతకాలమును 'డిడ్' అప్పటికే చెప్పివేసినది. రెండవమారు చెప్ప నక్కరలేదు. 'డిడ్ యు గో?' అనిన చాలును.

గో ఎక్కడ, వెంట్ ఎక్కడ? ఈ రెంటికి పోలికయే లేదే యని పిల్లలు అడుగుదురు. వారి ప్రశ్న సరియైనదే. వెంట్ నిజమునకు గో సంతానము కాదు. తిరుగుట, మరలుట యను అర్థముగల 'వెండ్' అను వేరొక క్రియకు అది భూతకాలము. సెండ్ కు సెంట్, బెండ్ కు బెంట్ వచ్చినట్లే వెండ్ కు వెంట్ వచ్చినది. పూర్వము గో ధాతువునకు వేరొక భూతకాల రూపముండెడిది. అది క్రమముగ వాడుక తప్పగా, సుమారు 1500 నాటికి వెంట్ వచ్చి ఆ చోట స్థిరపడినది. కన్నతల్లియైన వెండ్ నేడు ఒకటి రెండు పలుకుబళ్లలో తప్ప వినబడదు.

ఇది ఇంగ్లీషువారి వింత యని నవ్వబోవుదుమా? సంస్కృతమున దృశ్ ధాతువునకు వర్తమానమున 'పశ్యతి' అని కదా చదువుకొన్నాము! తెలుగున 'వచ్చును' అని చెప్పి, లేదనవలసి వచ్చినపుడు 'రాడు' అందుము. పిలువవలసి వచ్చినపుడు 'రమ్ము' అందుము. భాషాశాస్త్రజ్ఞులు ఈ వచ్చు, రా రూపములను ఒకే ద్రావిడ ధాతువునకు చేర్చుచున్నారు. కాని తెలుగు నేర్చుకొను పరదేశి చెవికి అవియును గో, వెంట్ వలెనే తోచును.

ఇంకొక పోలిక మాకు మరింత ఇష్టమైనది. మబ్బు కమ్మినపుడు మనము 'వాన కురియబోవుచున్నది' అందుము. వాన ఎక్కడికిని పోవుట లేదు. అయినను 'పోవు' అను క్రియయే రానున్న కాలమును తెలుపుచున్నది. ఇంగ్లీషువాడును అచ్చముగ అట్లే 'ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్' అనును. ఒకరి నొకరు ఎరుగని రెండు భాషలు ఒకే త్రోవ త్రొక్కినవి. నిద్రపోవుట యనునది కూడ ఇట్టిదే, 'గో టు స్లీప్'. ఇచట మాత్రము కొంత జాగ్రత్త వలెను. ఇంగ్లీషు మాట నిద్రలోనికి జారుటను మాత్రమే చెప్పును. 'ఎనిమిది గంటలు నిద్రపోయితిని' అనుటకు ఆ మాట పనికిరాదు. అచట 'స్లెప్ట్' అనవలెను.

అసలు చిక్కు 'గాన్' వద్ద నున్నది. 'హి హేజ్ గాన్ టు మద్రాస్' అన్నచో వెళ్లినవాడు ఇంకను తిరిగి రాలేదని అర్థము. వెళ్లి తిరిగి వచ్చినచో 'హి హేజ్ బీన్ టు మద్రాస్' అనవలెను. 'మీరెప్పుడైన ఢిల్లీ చూచితిరా?' అని అడిగిన పెద్దమనిషికి ఎదురుగ కూర్చుండి 'ఐ హేవ్ గాన్ టు ఢిల్లీ' అని బదులు చెప్పినచో, మరి ఇచట కూర్చున్నదెవరని అతడు చమత్కరించును. తెలుగువానికి ఈ భేదము క్రొత్తది కాదు. 'వెళ్లియున్నాడు' అనునది గాన్. 'వెళ్లివచ్చినాడు' అనునది బీన్. గడప దాటునపుడు 'వెళ్లెదను' అని ఊరకొనక 'వెళ్లివచ్చెదను' అను మనకు ఇది బోధపడక పోవుట యెట్లు? బడిలో ఈ పోలికను చెప్పువారు లేకపోవుటయే లోపము.

మేము చెన్నపట్నమున చదువుకొనుచుండిన దినములలో మా తమ్ముడు ఇంటినుండి ఒక కార్డు వ్రాసెను. వాడప్పుడప్పుడే ఇంగ్లీషు కూడబలుకుకొనుచుండెను. 'తాతయ్య ఈజ్ గాన్. ద హౌస్ ఈజ్ ఎంప్టీ' అని రెండే వాక్యములు. పరీక్షకు కట్టవలసిన రుసుముతో టికెట్టు కొని ఆ రాత్రియే మెయిలెక్కితిమి. త్రోవ పొడవునను కంట తడి యారలేదు. తెల్లవారి ఇల్లు చేరుసరికి అమ్మ వాకిట ముగ్గు పెట్టుచుండెను. మమ్ము చూచి, 'ఏమిరా, చెప్పకుండ వచ్చితివి?' అనెను. తాతయ్య కాశీయాత్రకు వెళ్లినారట!

తమ్ముని చాల కోపించితిమి. ఆ కార్డుపై ఎఱ్ఱసిరాతో గీత గీచి వాని చేతికిచ్చితిమి. వాడు తల వంచుకొని నిలుచుండెను. ఆ తరువాత రెండేండ్లు వాడు మాకు వ్రాసిన ఉత్తరములన్నియు తెలుగుననే యుండెను.

చాల దినములకు గాని మాకు తెలియలేదు, ఆ వాక్యమున తప్పు లేదని. 'హేజ్ గాన్' అనునది వెళ్లుట యను పనిని చెప్పును. 'ఈజ్ గాన్' అనునది వెళ్లినవాడు ఇచట లేని స్థితిని చెప్పును. పూర్వపు ఇంగ్లీషున రాకపోకలను తెలుపు క్రియలతో హేవ్ కు బదులు బి క్రియను వాడెడివారు. ఆ జాడ ఇందులో మిగిలినది. తాతయ్య లేక ఇల్లు బోసిపోయినదని ఆ పిల్లవాడు వ్రాసెను. మేము దానిని 'పోయినారు' అని తెలుగున చదువుకొంటిమి. ఇంగ్లీషువారును మరణమును మెత్తగ చెప్పవలసి వచ్చినపుడు గాన్ అందురు, నిజమే. కాని ఆ యర్థము సందర్భమును బట్టి తోచవలెను. కార్డులో అట్టి సూచన ఒక్కటియు లేదు.

ఈ సంగతి తమ్మునికి చెప్పినపుడు వానికి ఇద్దరు పిల్లలు. ఆ కార్డు తనవద్దనే యున్నదని చెప్పి, లోపలికి పోయి పెట్టె తెరచి తీసికొనివచ్చి చూపెను. ఎఱ్ఱసిరా గీత కొంత వెలిసినది.