సర్వే నంబరు చెప్పినంత మాత్రాన అధికారి కాదు

పీఎం కిసాన్ విడత పడే రోజులు దగ్గర పడ్డాయంటే కొత్త నంబర్ల నుంచి ఫోన్లు వస్తుంటాయి. అవతలి వ్యక్తి మీ పేరు, తండ్రి పేరు, ఊరు, సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు ఉందో కూడా తడుముకోకుండా చెబుతాడు. ‘మీ ఈ-కేవైసీ ఆగిపోయింది, ఇప్పుడు మీ ఫోనుకు ఒక నంబరు వస్తుంది, చదివి చెప్పండి’ అంటాడు. ఇన్ని వివరాలు తెలిసినవాడు ఆఫీసు మనిషే అయి ఉంటాడనుకుని చాలామంది చెప్పేస్తారు.

ఆ వివరాలు తెలుసుకోవడానికి ఆఫీసు మనిషి కానక్కర్లేదు. తెలంగాణలో భూభారతి, ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి వెబ్‌సైట్లలో ఊరు, సర్వే నంబరు కొడితే భూమి వివరాలు కనిపిస్తాయి. పీఎం కిసాన్ వెబ్‌సైట్‌లో ఊరివారీగా లబ్ధిదారుల జాబితా ఉంటుంది. వీటిని అందరికీ కనిపించేలా పెట్టడం తప్పేమీ కాదు. భూమి కొనేవాడు చూసుకోవాలి, జాబితాలో దొంగ పేర్లు ఉంటే ఊరివాళ్లకు తెలియాలి. కాకపోతే ఊరందరికీ తెలిసిన సంగతి చెప్పినవాడిని మనం చుట్టం అనుకోం కదా, ఫోనులోనూ అంతే. బయట ఉన్న వివరాలను ఇప్పుడు దాచలేం. దాచుకోవాల్సినవి వేరే ఉన్నాయి: వేలిముద్ర, ఓటీపీ, ఆధార్‌కు కలిపిన సిమ్.

ముందు వేలిముద్ర సంగతి చూద్దాం. ఆధార్ ద్వారా డబ్బు తీసే విధానంలో ఏటీఎం కార్డు, పిన్, ఓటీపీ ఏవీ అక్కర్లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే ఒక్కసారికి 10,000 రూపాయల దాకా తీయవచ్చు. బ్యాంకు దూరంగా ఉన్న ఊళ్లలో ఇది నిజంగా మేలు చేసిన ఏర్పాటు. అయితే పిన్ నంబరు బయటపడితే మార్చుకోవచ్చు గానీ, వేలిని మార్చుకోలేం. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలను ఇంటర్నెట్ నుంచి తీసి, నకిలీ ముద్రలు తయారు చేసి, వాటితో ఇతరుల పేర్ల మీద సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు తేల్చారు. తరువాత అదే తరహా నకిలీ ముద్రలతో ఖాతాల్లోంచి డబ్బు తీసిన కేసులు దేశంలో చాలాచోట్ల నమోదయ్యాయి.

దీనికి మందు ఆధార్ బయోమెట్రిక్ లాక్. ఆధార్ యాప్‌లో గానీ, ఆధార్ వెబ్‌సైట్‌లో గానీ లాక్ పెట్టుకుంటే మీ వేలిముద్ర, కనుపాప, ముఖం ఏవీ ఎక్కడా పనిచేయవు. చాలామంది ‘వెంటనే లాక్ చేసుకోండి’ అని చెప్పి వదిలేస్తారు, కానీ రైతు ఇంట్లో దీనితో ఒక చిక్కు ఉంది. రేషన్ దుకాణంలో, ఎరువుల దుకాణంలోని ఈ-పాస్ మిషన్ దగ్గర, పింఛను దగ్గర అన్నిచోట్లా అదే వేలు పెట్టాలి. యూరియా కోసం పొద్దుటి నుంచి వరుసలో నిలబడి, తీరా మీ వంతు వచ్చేసరికి మిషన్ ఒప్పుకోకపోతే ఆ కష్టం మీదే. లాక్‌ను తాత్కాలికంగా తీస్తే 10 నిమిషాల్లో మళ్లీ పడిపోతుంది. అంటే అక్కడే నిలబడి ఫోనులో లాక్ తీయగలిగి ఉండాలి.

అందుకని మా సలహా ఏమిటంటే, ఫోను వాడటం బాగా వచ్చినవారు ఇంట్లో ఎప్పుడూ అందుబాటులో ఉంటే లాక్ పెట్టుకోండి. లేకపోతే పంట అమ్మిన డబ్బు, పొదుపు డబ్బు ఉండే ఖాతా గురించి బ్యాంకులో మాట్లాడి, ఆ ఖాతా నుంచి ఆధార్ ద్వారా డబ్బు తీసే సౌకర్యం ఆపమని రాసివ్వండి. పథకాల డబ్బు పడే ఖాతా వేరుగా ఉంచి, అందులో పడినది ఎప్పటికప్పుడు తీసుకుంటూ ఉంటే చాలు. ఏదైనా జరిగినా పోయేది కొద్దిపాటితో ఆగుతుంది.

వేలు పెట్టే చోట ఇంకో మోసం ఉంది. దీనికి నకిలీ ముద్రలు కూడా అక్కర్లేదు. ‘పడలేదు, మళ్లీ పెట్టు’ అంటారు. నిజంగానే పొలం పనితో అరిగిన వేళ్లు ఒక్కోసారి పడవు. కానీ మొదటిసారే పడి, రెండోసారి ఇంకో మొత్తం తీసిన సందర్భాలున్నాయి. రెండోసారి వేలు పెట్టే ముందు మిషన్ నుంచి వచ్చిన చీటీ అడగండి. ఫెయిల్ అయినా చీటీ వస్తుంది. ఇవ్వనంటే ఇంకో చోటికి వెళ్లండి. మీ ఆధార్‌ను ఎప్పుడెప్పుడు వాడారో గత 6 నెలల వివరాలు ఆధార్ వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే నెలకోసారి చూడమనండి.

ఇక ఓటీపీ. చెప్పకూడదని ఇప్పుడు అందరికీ తెలుసు. అందుకే అడగకుండానే తీసుకునే దారి పట్టారు. వాట్సాప్ గ్రూపులో ‘పీఎం కిసాన్ కొత్త జాబితా’ అంటూ ఒక ఫైలు వస్తుంది, పేరు చివర ఏపీకే అని ఉంటుంది. పంపింది మీ ఊరివాడే అయి ఉండవచ్చు. అతని ఫోను అప్పటికే వాళ్ల చేతికి చిక్కి ఉంటుంది. దాన్ని తెరిచి, అడిగినదానికల్లా సరే అని నొక్కితే, ఆ యాప్ మీ మెసేజ్‌లు చదివి ఓటీపీలను అవతలికి పంపేస్తుంది. మీకు ఫోను కూడా రాదు. ప్రభుత్వ యాప్ ఏదైనా ప్లే స్టోర్ నుంచే వేసుకోండి. ఏపీకే ఫైలు ఎవరు పంపినా తెరవకండి.

ప్లే స్టోర్ యాప్‌లనూ గుడ్డిగా నమ్మనక్కర్లేదు. వాతావరణం చెప్పే యాప్‌కు మీరున్న చోటు తెలియాలి, ‘వాడుతున్నప్పుడు మాత్రమే’ అని నొక్కండి. ఆకు మచ్చ ఫొటో చూసి తెగులు చెప్పే యాప్‌కు కెమెరా కావాలి. మార్కెట్ ధరలు చెప్పే యాప్‌కు మీ మెసేజ్‌లు, మీ బంధువుల నంబర్లు ఎందుకు? అడిగితే వద్దనండి. అప్పు ఇస్తామనే యాప్‌లు ఆ నంబర్ల కోసమే అడుగుతాయి. కిస్తీ ఆలస్యమైతే మీ చుట్టాలందరికీ ఫోన్లు చేసేది వాటితోనే.

సిమ్ విషయం పైకి చిన్నదిగా కనిపిస్తుంది. మీ ఆధార్‌కు ఏ నంబరు ఉందో ఒకసారి చూసుకోండి. హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయి నంబరో, అప్పట్లో దరఖాస్తు నింపిన సెంటరువాళ్ల నంబరో, రీచార్జి చేయక వదిలేసిన పాత నంబరో అయి ఉంటుంది. వదిలేసిన నంబరును కనీసం 90 రోజుల తరువాత ఇంకొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మీ ఓటీపీ వాళ్లకు వెళ్తుంది. ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించుకోండి, బ్యాంకులో కూడా అదే ఇవ్వండి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చూసి, మీవి కానివి ఉంటే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు.

జిరాక్స్ ఇవ్వాల్సి వస్తే మొదటి 8 అంకెలు కనిపించని ఆధార్ కాపీ ఇవ్వండి, ఆధార్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. పూర్తి నంబరే కావాలంటే కాగితం మీద అడ్డంగా ఎందుకు ఇస్తున్నారో, తేదీ ఏమిటో రాయండి. పాస్‌బుక్ ఫొటోను ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు. పాస్‌బుక్కు, దస్తావేజులు, పంట రుణం కాగితాలను ఫొటోలు తీసి ఒక మెమరీ కార్డులో వేసి బీరువాలో పెట్టుకోండి. ఫోను పోయినా అవి ఉంటాయి, వాటికి నెలనెలా కట్టేది ఏమీ లేదు.

డబ్బు పోయిందని తెలిస్తే ముందు 1930కి ఫోన్ చేయండి. తెలియని యాప్ వేసుకుని ఉంటే మీ ఫోనులో ఇంటర్నెట్ ఆపేసి, ఇంకొకరి ఫోను నుంచి చేయండి. ఖాతా నంబరు, డబ్బు పోయిన సమయం, మెసేజ్‌లోని లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. డబ్బు చేరిన ఖాతాను నిలిపివేయడానికి వాళ్లు ప్రయత్నిస్తారు, అందుకే గంట ఆలస్యమైనా తేడా వస్తుంది. తెల్లారి బ్యాంకుకు వెళ్లి ఫిర్యాదు కాగితం ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా బయటివాళ్లు డబ్బు కాజేస్తే, బ్యాంకు నుంచి సమాచారం అందాక 3 పని దినాల్లోగా ఫిర్యాదు చేసినవారు ఆ నష్టం భరించనక్కర్లేదు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా పోయిన డబ్బు మీ లెక్కలోకే వస్తుంది, ఆ తరువాత పోయేది బ్యాంకు భరించాలి. కౌంటరులో ‘మా చేతిలో ఏమీ లేదు’ అంటే గొడవ పడకుండా, అదే మాట రాసిమ్మనండి.